కిటికీ మార్చే ముందు



నీళ్లు తగ్గిన తరువాత నోవహు ఓడ కిటికీ తెరచినట్లు ఆదికాండము 8:6లో చదువుతాము. కిటికీ ఉంటే చాలదు, దానిని ఎప్పుడు తెరవాలో ఎప్పుడు మూయాలో కూడా తెలియాలి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో కుటుంబ ప్రార్థనలకు వెళ్లినప్పుడు, చెదలు పట్టిన పాత కిటికీలు తీసి అద్దాలవి పెట్టిస్తున్న ఇళ్లు చూస్తున్నాము. సంతోషమే. కాని అందం ఒక్కటే చూస్తే, మంచం పట్టిన పెద్దలు మధ్యాహ్నమంతా ఉడికిపోతారు. 2015 మే నెలలో వడగాడ్పులకు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. మన నల్లగొండ జిల్లాకూ ఎంతో నష్టం కలిగింది.

అద్దం దాటి ఎండ లోపలికి వచ్చాక తెర వేసినా వేడి గదిలోనే ఉంటుంది. అందుకే నీడ బయటే ఉండాలి. దక్షిణపు కిటికీకి సజ్జ చాలు. పడమటి ఎండ వాలుగా వస్తుంది, దానిని సజ్జ ఆపలేదు. అక్కడ చిన్న కిటికీ పెట్టి, బయట తడక కట్టండి, వేపచెట్టు నాటండి.

పక్కకు జరిపే కిటికీ సగమే తెరుచుకుంటుంది, రెక్కలది పూర్తిగా తెరుచుకుంటుంది. ఎదురెదురుగా రెండు కిటికీలుంటే గాలి ఆడుతుంది. రెండు పొరల అద్దం ఏసీ గదికి మేలు, తెరచి ఉంచే కిటికీకి అది వృథా ఖర్చు. ఆ డబ్బుతో దోమల జాలీ పెట్టించి, పైకప్పుకు తెల్లసున్నం వేయించండి. ఎండను తిప్పికొట్టే పైకప్పుల కోసం 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానమే ప్రకటించింది.

వేసవిలో పొద్దెక్కగానే మూసి, చల్లబడ్డాక తెరవండి.

మేస్త్రికి కొలత చెప్పే ముందు అమ్మానాన్నల మంచం ఎక్కడుందో చూడండి. తల్లిదండ్రులను సన్మానించుట ఇందులోనూ ఉన్నది. ప్రభువు మీ గృహమును దీవించును గాక.