ఫెర్టిలిటీ డైట్: పిల్లల కోసం ప్లాన్ చేస్తున్నారా..? మార్పు ఆమె కంచంలోనే కాదు.. ఆయన కంచంలోనూ రావాలి!

పెళ్లై ఏడాది తిరిగిందంటే చాలు.. ఏ ఫంక్షన్‌కు వెళ్లినా ఒకటే ప్రశ్న. ‘ఏమైనా విశేషమా?’ ఇంకా లేదనే జవాబు రెండు, మూడు సార్లు వినిపిస్తే ఇక సలహాల వరద మొదలవుతుంది. ఈ గింజలు నానబెట్టి తాగమని ఒకరు, ఫలానా ఊళ్లో పసరు మందు పోస్తారని మరొకరు. ఈ సలహాలన్నీ చేరేది ఇంటి కోడలికే. కొడుకును మాత్రం ఎవరూ ఏమీ అడగరు.

కానీ సంతానలేమి కేసుల్లో దాదాపు సగం వాటిలో మగవారి వైపు నుంచి కూడా ఏదో ఒక కారణం ఉంటుందని వైద్యులు చెబుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన లెక్క ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్యను ఎదుర్కొంటున్నారు. మరి తిండి మార్చుకుంటే ఫలితం ఉంటుందా? ఉంటుంది.. కానీ అందరికీ కాదు.

ఈ విషయంలో ఎక్కువగా చెప్పుకునేది అమెరికాలో నర్సులపై ఏళ్ల తరబడి సాగిన అధ్యయనం. అందులోని 17 వేల మందికి పైగా మహిళల ఆహారపు అలవాట్లను హార్వర్డ్ పరిశోధకులు పరిశీలించి 2007లో ఫలితాలు వెల్లడించారు. ట్రాన్స్ ఫ్యాట్ తక్కువగా, మాంసం కన్నా పప్పుల ద్వారా ప్రొటీన్ ఎక్కువగా తీసుకున్నవారిలో, వెన్న తీయని పాలు వాడినవారిలో అండం సరిగా విడుదల కాకపోవడం వల్ల వచ్చే సంతానలేమి తక్కువగా కనిపించింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇది అండం విడుదల సమస్యకు సంబంధించిన మాట మాత్రమే. ఫెలోపియన్ ట్యూబులు మూసుకుపోయి ఉంటే ఏ ఆకుకూరా వాటిని తెరవలేదు.

ఈ డైట్ కోసం అవకాడోలు, బ్లూబెర్రీలు కొనాల్సిన పనేమీ లేదు. కందిపప్పు, పెసలు, ఉలవలు, శనగలు మన వంటింట్లో ఉన్నవే. తోటకూర, మునగాకు, గోంగూర, నువ్వులు, రాగి సంకటి, జొన్న రొట్టె.. అన్నీ పనికొచ్చేవే. చేపలు తినేవారికి కవళ్లు, కానగంతల్లో ఒమేగా-3 కొవ్వులు బాగానే దొరుకుతాయి. తగ్గించాల్సింది వనస్పతితో చేసిన బేకరీ ఐటెమ్స్, కాచిన నూనెనే మళ్లీ మళ్లీ కాచి వేయించే బజ్జీలు, కూల్‌డ్రింకులు.

పీసీఓఎస్ ఉన్నవారికైతే తిండి నిజంగానే మందులా పనిచేస్తుంది. అధిక బరువు ఉన్నప్పుడు అందులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో నెలసరి గాడిలో పడి, అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. అంటే 80 కిలోలున్న మహిళ 4 నుంచి 8 కిలోలు తగ్గితే చాలు. కంచంలో అన్నం సగానికి తగ్గించి పప్పు, కూర పెంచడం ఇందుకు తేలికైన దారి. అలాగని కడుపు మాడ్చుకోవడం మంచిది కాదు. బరువు మరీ తగ్గిపోతే నెలసరే ఆగిపోవచ్చు.

ఇక మగవారి సంగతి. ఒక వీర్యకణం తయారవడానికి దాదాపు 74 రోజులు పడుతుంది. అందుకే ఈరోజు సిగరెట్ మానేస్తే దాని ఫలితం టెస్టులో కనిపించడానికి మూడు నెలలు ఓపిక పట్టాలి. పొగాకు, అతిగా మద్యం, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని గంటల తరబడి పని చేయడం వీర్యానికి చేటు చేస్తాయి. వృషణాలు శరీరం కన్నా కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటేనే సరిగా పనిచేస్తాయి. ఈ మధ్య కుర్రాళ్లలో మరో ప్రమాదం కనిపిస్తోంది. కండల కోసం జిమ్‌లలో తీసుకునే టెస్టోస్టెరాన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు. బయటి నుంచి హార్మోన్ అందుతుంటే మెదడు తన వంతు సంకేతాలు ఆపేస్తుంది. దాంతో కౌంట్ సున్నాకు పడిపోవచ్చు. మానేశాక చాలామందిలో మళ్లీ కోలుకుంటుంది కానీ నెలలు పడుతుంది.

కౌంట్ పెంచుతాయంటూ అమ్మే జింక్, ఫోలిక్ యాసిడ్ మాత్రల సంగతి కూడా తేలిపోయింది. అమెరికాలో 2,370 జంటలపై జరిపిన ట్రయల్ ఫలితాలు 2020లో వచ్చాయి. మగవారు ఆరు నెలలు ఈ మాత్రలు వేసుకున్నా పుట్టిన పిల్లల సంఖ్యలో తేడా రాలేదు.

ఆడవారికి మాత్రం ఫోలిక్ యాసిడ్ తప్పనిసరి. ఇది గర్భం నిలవడానికి కాదు.. బిడ్డ వెన్నుపాము, మెదడు లోపాలను నివారించడానికి. ఆ భాగం గర్భం దాల్చిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. అందుకే ప్లాన్ చేస్తున్నప్పటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి. రక్తహీనతనూ ముందే చూసుకోవాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో ఏపీలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తం తక్కువగా ఉంది.

పైసా ఖర్చు లేని మార్గం ఒకటుంది. అదే రోజుల లెక్క. అండం విడుదలయ్యాక బతికేది ఒక్క రోజే. వీర్యకణాలు మాత్రం ఐదు రోజుల వరకు ఉండగలవు. కాబట్టి అండం విడుదలయ్యే రోజు, అంతకు ముందు ఐదు రోజులు కీలకం. 28 రోజులకోసారి నెలసరి వచ్చేవారిలో ఇది సుమారుగా 9వ రోజు నుంచి 14వ రోజు వరకు ఉంటుంది. ఆ రోజుల్లో రోజు విడిచి రోజు కలిసినా సరిపోతుంది.

మరి పసరు మందులు, పేరు లేని చూర్ణాలు? వాటిలో ఏముందో అమ్మేవారే చెప్పలేరు. కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం బయటపడిన సందర్భాలున్నాయి. సీసం వీర్యాన్ని దెబ్బతీస్తుంది, కడుపులో బిడ్డకూ హాని చేస్తుంది. అశ్వగంధ కూడా థైరాయిడ్ ఉన్నవారు డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు.

వీటన్నిటికన్నా పెద్ద నష్టం కాలం. 35 ఏళ్లలోపు వారు ఏడాది ప్రయత్నించాక, ఆ వయసు దాటినవారు ఆరు నెలలకే డాక్టర్‌ను కలవాలి. నెలసరి సరిగా రానివారు, గతంలో టీబీ వచ్చినవారు అంతవరకూ ఆగక్కర్లేదు. వెళ్లేటప్పుడు ఇద్దరూ కలిసి వెళ్లాలి. వీర్య పరీక్షకు కోత లేదు, నొప్పి లేదు, ఖర్చూ తక్కువే. అయినా చాలా ఇళ్లలో భార్యకు స్కానింగులు, హార్మోన్ టెస్టులు, లాప్రోస్కోపీ కూడా అయ్యాకే భర్త ల్యాబ్ మెట్లెక్కుతున్నాడు.