కాయిలోవర్లు వేశాక కారు సౌండ్ చేస్తోందా? పార్ట్ కొనే ముందు ఇది వినండి

ఈ ఎపిసోడ్‌లో నన్ను చాలామంది అడిగే ఒక డౌట్ తీసుకుందాం. "అన్నా, పోలో జీటీ టీఎస్ఐకి కాయిలోవర్లు వేయించా. హ్యాండ్లింగ్ సూపర్. కానీ చిన్న గుంతలో పడినా ముందు నుంచి టక్ టక్‌మంటోంది." గ్యారేజీలో అడిగితే వచ్చే జవాబు ఒకటే: "కాయిలోవర్ అంటే అంతే బ్రో, సౌండ్ ఉంటది."

అంతే కాదు. సస్పెన్షన్ గట్టిగా ఉండటం వేరు, సౌండ్ చేయడం వేరు. స్ప్రింగ్ గట్టిదైతే కుదుపు ఎక్కువ తెలుస్తుంది, నిజమే. కానీ ఇనుము ఇనుముకి కొట్టుకున్న సౌండ్ వస్తోందంటే ఏదో వదులుగా ఉంది, లేదా అరిగింది, లేదా బిగించడం తేడాగా జరిగింది. అది లింక్ రాడ్ అయితే ఉత్త చిరాకు. స్ట్రట్ పట్టుకునే బోల్ట్ అయితే ప్రాణం మీదకే వస్తుంది. రెండిట్లో ఏదో తెలియకుండా "అంతేలే" అనుకుని తిరగకూడదు.

కాబట్టి "ఏ పార్ట్ పోయింది?" అని కాదు, "సౌండ్ ఎప్పుడు వస్తోంది?" అని మొదలుపెట్టండి. ఫ్రెండ్‌ని డ్రైవ్ చేయమని, మీరు పక్క సీట్లో కూర్చుని ఫోన్‌లో రికార్డ్ చేయండి. బ్రేక్ వేసినప్పుడా, స్టీరింగ్ తిప్పినప్పుడా, బ్రేకర్ దిగినప్పుడా, పైకే చెప్తూ ఉండండి. మెకానిక్‌కి ఆ రికార్డింగ్ చాలా పనికొస్తుంది.

ఒకటి. కారు ఆగి ఉంది, స్టీరింగ్ తిప్పితే టంగ్‌మంటోంది. పోలోకి ముందు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. స్టీరింగ్‌తో పాటు స్ట్రట్ కూడా తిరుగుతుంది, పైన ఉన్న బేరింగ్ దాన్ని సాఫీగా తిరగనివ్వాలి. బేరింగ్ పోయినా, సరిగ్గా కూర్చోకపోయినా స్ప్రింగ్ బిగుసుకుని ఒక్కసారిగా జారుతుంది. ఒకరు స్టీరింగ్ నెమ్మదిగా తిప్పుతుంటే మీరు స్ప్రింగ్ బయటివైపు అరచేయి ఆనించండి. వేళ్లు చుట్ల మధ్య పెట్టొద్దు. ఆగి ఆగి ఎగిరితే టాప్ మౌంట్ విప్పి చూడాల్సిందే.

రెండు. గల్లీలో నెమ్మదిగా వెళ్తుంటే లొడలొడ. మొదటి అనుమానం లింక్ రాడ్ మీద. యాంటీ రోల్ బార్‌ని సస్పెన్షన్‌కి కలిపే సన్నటి రాడ్ అది. కారు కిందికి దించితే దాని కోణం మారుతుంది, అందుకే కొన్ని సెటప్‌లకి పొట్టి లింక్ కావాలి. రెండు వైపులా లింకులు తీసి, బార్ దేనికీ తగలకుండా కట్టి, అదే గల్లీలో నెమ్మదిగా ఒక రౌండ్ వేయండి. సౌండ్ పోతే దొంగ దొరికినట్టే. ఇది టెస్ట్ మాత్రమే, అలా రోడ్డెక్కొద్దు. మలుపుల్లో కారు బాగా ఒరుగుతుంది.

మూడు. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ఒక్క టక్. చక్రం కిందికి వేలాడగానే స్ప్రింగ్ తన సీటు నుంచి లేచి, మళ్లీ వచ్చి కూర్చుంటోందేమో చూడాలి. కారు ఎత్తి, చక్రం వేలాడుతున్నప్పుడు స్ప్రింగ్‌ని చేత్తో ఊపండి. కదిలితే అదే. ఎత్తు కోసం కాలర్‌ని మరీ కిందికి తిప్పి ఉంటారు. కొంచెం పైకి తెచ్చి లాక్ రింగ్ బిగించాలి. వెనక స్ప్రింగ్, డ్యాంపర్ విడివిడిగా ఉంటాయి, అక్కడా ఇదే చెక్ చేయండి.

నాలుగు. పెద్ద గుంతలో దబ్‌మంటోంది. దానికి కొత్త పార్ట్ ఏదీ అక్కర్లేదు. కారు మరీ కింద ఉంది, సస్పెన్షన్ బంప్ స్టాప్‌కి వెళ్లి గుద్దుతోంది. ఎత్తు పెంచండి.

ఐదు. పాత మంచంలా కిర్రు కిర్రు. ఇది బుష్‌ల గొడవ. కారు ఎత్తి, చక్రాలు వేలాడుతుండగా లోయర్ ఆర్మ్ బోల్ట్‌లు ఫుల్‌గా బిగించేస్తారు. కారు దించాక రబ్బరు మెలితిరిగిపోయి అలాగే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది. బోల్ట్ వదులు చేసి, కారు బరువు చక్రాల మీద ఉండగా మళ్లీ బిగించాలి. బుష్ చిరగకపోతే పార్టుల ఖర్చు సున్నా.

మీ కిట్‌లో పైన రబ్బరు బదులు పిల్లో బాల్ మౌంట్ ఉంటే కొంచెం సౌండ్ సహజం. కానీ చేత్తో పట్టుకుంటే లూజ్ తెలుస్తోందంటే అది అరిగినట్టే. మన దుమ్ముకి, వానకి అది త్వరగా అరుగుతుంది.

ఇప్పుడు సీరియస్ విషయం. పోలోలో ముందు స్ట్రట్ హబ్ క్యారియర్‌లోకి దిగుతుంది, పక్కనుంచి ఒక బోల్ట్ దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. స్ట్రట్ పూర్తిగా దిగకపోయినా, బోల్ట్ వదులైనా బ్రేక్ వేసినప్పుడు ఖట్‌మంటుంది, స్టీరింగ్ ఒకవైపు లాగొచ్చు. అలా ఉంటే ఇంటిదాకా నడిపేద్దాం అనుకోకండి, టో చేయించండి.

బిగింపు టార్క్ రెంచ్‌తోనే చేయించండి. పైనున్న నట్‌కి ఇంపాక్ట్ గన్ పెడితే లోపలి రాడ్ గిర్రున తిరిగి సీల్ దెబ్బతింటుంది. ఒక్క జాకీ మీద ఉన్న కారు కిందికి ఎవరూ దూరొద్దు, స్టాండ్లు పెట్టాలి.

చివరిగా, ఒక్కోసారి ఒక్కటే మార్చండి. నాలుగు పార్టులు కలిపి మారిస్తే సౌండ్ పోవచ్చు, కానీ కారణం తెలియదు, డబ్బు మాత్రం నాలుగింటికీ పోతుంది. పని అయ్యాక అలైన్‌మెంట్ చేయించడం మర్చిపోకండి. మీ కారు, సౌండ్ ఎప్పుడు వస్తుంది, ఈ రెండూ ఒక్క లైన్‌లో రాసి పంపండి, చూద్దాం. ఉంటా మరి.