గాజు ఇంట ఏకాకి చెట్టు

తుమ్మలపల్లె ఎండలెరిగినవారికి చెట్టుకు గాజు ఇల్లు కట్టుట వింతగా తోచును. లండనులోని క్యూ ఉద్యానమున వెచ్చని దేశముల మొక్కలను చలికాలమందు కాపాడునది అదియే. బయటి చలిలోనుండి లోనికి తెచ్చిన కెమెరా కటకముపై ఆవిరి కమ్మును. కెమెరా వెచ్చబడువరకు ఎంత తుడిచినను ఫలము లేదు.

అట్లు వేచియుండి ఫొటో తీయదగిన చెట్టొకటి అచట కలదు, ఎన్సెఫలార్టాస్ వుడీ. 1895లో నేటి దక్షిణాఫ్రికాలోని న్గోయె అడవిలో జాన్ మెడ్లీ వుడ్ కనుగొన్నది ఒకే మగచెట్టు. దాని పిలక 1899లో క్యూ చేరినది. 2004లో అచట తొలిసారి శంకువు వేసినది. పుప్పొడి ఎవరికొరకు? ఆడచెట్టు నేటికిని దొరకలేదు.

దీని దూరపు చుట్టము సైకస్ బెడ్డోమై కడప సీమ శేషాచలపు కొండలలోనే ఉన్నది. అందు ఆడ, మగ రెండును కలవు. గాజు ఇల్లు అక్కరలేదు. మందుకని మగ శంకువులను కోసికొనిపోవుటచే అదియు అరుదగుచున్నది.