కలివికోడి

కడప జిల్లాలో లంకమల కొండల పాదమున ముళ్ళపొదలతో నిండిన బీళ్ళు కలవు. ప్రొద్దు గ్రుంకి చీకటి పడిన పిమ్మట ఒక పక్షి అచట మేతకు బయలుదేరును. పల్లెజనులు దానిని కలివికోడి యందురు. పేరునకు కోడియే గాని ఇది కోళ్ళ జాతికి చెందినది కాదు; ఉల్లంకి పిట్టలకు దూరపు చుట్టము. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. రొమ్మున రెండు గోధుమరంగు పట్టీలు, కంటిపై తెల్లని చార, చీకటిలో చూచుటకు తగిన పెద్ద కన్నులు దీని గుర్తులు. ఎగురుటకంటె పరుగిడుటయే దీనికి అలవాటు. పగలు పొదల చాటున నుండును. ఈకల రంగు నేల రంగులో కలిసిపోవును.

సైన్యవైద్యుడైన జెర్డన్ వలన ఈ పక్షి 1848లో శాస్త్రలోకమునకు తెలిసినది. 1900 తరువాత ఎవరికిని కానరాకుండుటచే అంతరించినదని పెక్కుమంది తలచిరి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము వారు దీని బొమ్మను చూపి పల్లెలలో విచారించిరి. తుదకు 1986 జనవరిలో, రెడ్డిపల్లి సమీపమున, పిట్టలు పట్టువాడొకడు రాత్రివేళ దీనిని సజీవముగా పట్టి తెచ్చెను.

చీకటిలో దాగి తిరుగు పక్షి ఉనికిని తెలిసికొనుట ఎట్లు? పరిశోధకులు పొదల నడుమ మెత్తని మన్ను పరచి, ఉదయమున అడుగుజాడలను పరిశీలించిరి. కలివికోడికి వెనుకవ్రేలు లేదు; ముందరి మూడు వ్రేళ్ళ ముద్రలే పడును. తమంతట తామే ఫోటోలు తీయు కెమెరాలను కూడ అమర్చిరి. సంధ్య దాటిన పిదప కొద్ది నిమిషములు మాత్రమే వినబడు రెండక్షరముల కూత మరియొక ఆధారము.

ఈ పరిశోధన వలన ఒక ముఖ్యవిషయము తేలినది. హెక్టారుకు రెండు మీటర్లు మించిన పొదలు 300 నుండి 700 వరకు, పొట్టిపొదలు 1,000కి లోపుగా నున్న తావులే దీనికి అనుకూలములు. పొదలు దట్టమైనచో పరుగిడుటకు బయలు లేదు. అన్నియు నరికినచో దాగుటకు చాటు లేదు. మేకల మేత, వంటచెరకు కోత మితముగా నున్నచో పొదలు ఈ స్థితిలో నిలుచును, మితిమీరినచో నశించును.

1988లో ఈ ప్రాంతమున శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. 2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఈ పక్షి తావులలోనికి రాగా, పిమ్మట కాలువ మార్గమును మార్చవలసి వచ్చెను. చూచువారికి ఎందుకును కొరగానిదిగా తోచు ముళ్ళబీడే ఈ పక్షికి ఇల్లు. బీడు పోయిన నాడు కలివికోడికి వేరొక ఆశ్రయము లేదు.