స్పైరులినా మింగితే బి12 వస్తుందా?

అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు అంటూ మా ఓపీకి వచ్చే శాకాహారులను ఏమేం వాడుతున్నారని అడిగితే, ఈమధ్య సంచిలోంచి ఆకుపచ్చ మాత్రల డబ్బా ఒకటి బయటికొస్తోంది. అదే స్పైరులినా. 'ఇందులో బి12 ఉందట కదండీ' అంటారు. అందులో ఉన్నదానిలో చాలావరకు మన ఒంటికి పనికొచ్చే బి12 కాదు.

స్పైరులినాను నాచు అంటాం గానీ నిజానికి అది సయనోబ్యాక్టీరియా. వరి మళ్లలో వేసే నీలి ఆకుపచ్చ నాచూ ఈ జాతిదే. ఇవి తయారుచేసుకునేది 'సూడో బి12', అంటే నకిలీ బి12 అనుకోండి. అసలు దానిలాగే మధ్యలో కోబాల్ట్ ఉంటుంది. అడుగున అతుక్కునే చిన్న ముక్క మాత్రం వేరు. బి12ను పట్టుకుని పేగుల ద్వారా ఒంట్లోకి చేర్చే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్‌కు ఈ నకిలీ సరిగా అతకదు. జపాన్ శాస్త్రవేత్తలు 1999లో స్పైరులినా మాత్రలను పరీక్షిస్తే 83 శాతం నకిలీ, 17 శాతమే అసలు అని తేలింది.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు, నీళ్లలోని నాచులకూ ఉంది. 326 రకాల నాచుల సమాచారాన్ని 2005లో క్రోడీకరిస్తే, 171 రకాలకు బి12 బయటి నుంచి అందితే తప్ప పెరుగుదల లేదని తేలింది. దాన్ని వాటికి అందించేది బ్యాక్టీరియానే. మరి సముద్రం నిండా ఉండే సయనోబ్యాక్టీరియా ఇచ్చే నకిలీతో అవి పెరుగుతాయా? 2016లో బ్రిటన్ శాస్త్రవేత్తలు పరీక్షించిన సూక్ష్మ నాచుల్లో చాలావాటికి అది దాదాపు పనికిరాలేదు. కొన్ని మాత్రం గడుసువి. డీఎంబీ అనే చిన్న రసాయనం దొరికితే, నకిలీలోని అడుగు ముక్కను మార్చేసి అసలు బి12 చేసుకుని చక్కగా పెరిగాయి. ఆ రిపేరు విద్య మన శరీరానికి లేదు.

అసలు ప్రమాదం రక్తపరీక్ష దగ్గర ఉంది. నెదర్లాండ్స్‌లో బి12 లోపమున్న పిల్లలకు స్పైరులినా, సముద్రపు నాచులు తినిపించి చూశారు. రక్తంలో బి12 అంకె పెరిగింది, ఎర్రరక్తకణాల తీరు మాత్రం ఇంకా దిగజారింది. 1991లో ప్రచురితమైన అధ్యయనమిది. రిపోర్టు బాగుందని ఊరుకుంటే లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. ఆలస్యమైతే తిమ్మిర్లు, నడకలో తూలు పూర్తిగా తగ్గకపోవచ్చు. అందుకే లక్షణాలుండి అంకె బాగుంటే హోమోసిస్టీన్ లేదా మిథైల్ మలోనిక్ ఆసిడ్ పరీక్ష చేయిస్తాం.

పెద్దలకు రోజుకు కావాల్సింది 2.2 మైక్రోగ్రాములే. గ్లాసు పాలలో సుమారు 1 మైక్రోగ్రాము ఉంటుంది. పెరుగు, గుడ్డు, చేపల్లోనూ దొరుకుతుంది. కాఫీలో పోసుకునే నాలుగు చెంచాల పాలు లెక్కలోకి రావు! ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ గానీ గ్యాస్ మాత్రలు గానీ వాడేవారు, పెద్దవయసువారు, శాకాహారులైన గర్భిణులు పరీక్ష చేయించుకోవాలి. లోపం తేలితే బి12 మాత్రలో ఇంజెక్షన్లో వాడాలి. రెండూ ఖరీదైనవేం కావు.

స్పైరులినాను పారేయమనడం లేదు, ప్రొటీన్ కోసం వాడుకోండి. రక్తం ఇవ్వడానికి వెళ్లినప్పుడు మాత్రం ఆ డబ్బా సంగతి డాక్టరుకు చెప్పండి.