ఫాంటసీ కథలోకి చలికాలపు వరద

నలుగురైదుగురు కలిసి, తలా ఒక పాత్ర పట్టుకుని, వంతులవారీగా రాసుకుంటూ పోయే ఫాంటసీ కథల్లో ఏదో ఒకనాటికి విపత్తు రాక తప్పదు. వరద తెద్దామంటే అందరూ సరేనంటారు. చిక్కు ఆ తర్వాతే. ఒకరి రాతలో నీళ్లు మోకాలి లోతు, అదే సాయంత్రం ఇంకొకరి రాతలో ఇళ్ల కప్పులు మునిగిపోయాయి. మూడో మనిషి తన మాంత్రికుడి చేత చెయ్యి ఊపించి నీళ్లను వెనక్కి పంపేస్తాడు. కథ చప్పబడిపోతుంది. వరద ఎందుకొచ్చిందో, ఎటునుంచి ఎంత వేగంగా వస్తోందో ముందే తేల్చుకుంటే ఈ తగువు ఉండదు, ప్రతి పాత్రకూ చేతినిండా పని దొరుకుతుంది.

తెలుగువాళ్లకు వరదంటే శ్రావణ భాద్రపదాలు, గోదావరిలో ఎర్రనీళ్లు. కుండపోత వాన లేనిదే వరద మన ఊహకు రాదు. నదులు గడ్డకట్టే దేశాల్లో లెక్క వేరు. నెలల తరబడి కురిసిన మంచు అక్కడ నేల మీదే పేరుకుని ఉంటుంది. వెచ్చటి గాలి తిరిగి, ఓ మోస్తరు వాన పడితే చాలు, ఆ మంచంతా ఒక్కసారిగా నీరవుతుంది. కింద నేల గట్టిపడి ఉంటుంది కాబట్టి చుక్క ఇంకదు. నది ఉబ్బి, పైనున్న మంచుపొర పెళపెళ విరిగి, పలకలు పలకలుగా కదులుతుంది. మలుపులోనో, వంతెన స్తంభాల దగ్గరో ఆ పలకలు ఒకదాని మీదొకటి ఎక్కి నదికి అడ్డుకట్ట కట్టేస్తాయి.

ఇక ఎగువ ఊరు గంటల్లో మునుగుతుంది. దిగువ ఊళ్లో నది ఉన్నట్టుండి తగ్గుతుంది. తెలియనివాళ్లు గండం గడిచిందనుకుని ఇళ్లకు తిరిగొస్తారు. కట్ట తెగిందా, నీళ్లూ మంచుగడ్డలూ కలిసి వాళ్ల మీద పడతాయి. కథ రాసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

నమూనా కావాలంటే 1784 ఫిబ్రవరి చివర్లో జర్మనీలోని కొలోన్ నగరాన్ని చూడాలి. ఆ చలికాలం రైన్ నది మనుషులు నడిచి దాటేంతగా గడ్డకట్టింది. తర్వాత చలి విరిగి మంచు కదిలింది. కొలోన్ దగ్గర నీటిమట్టం 13.55 మీటర్లకు చేరింది. అక్కడ నమోదైన మట్టాల్లో ఇప్పటికీ అదే అత్యధికం. అవతలి ఒడ్డున ఉన్న ముల్‌హైమ్ పట్టణం చాలా భాగం నేలమట్టమైంది. అంతకుముందు 1783 జూన్‌లో ఐస్‌లాండ్‌లో లాకి అగ్నిపర్వతం బద్దలైంది. ఆ తీవ్రమైన చలికి అది ఎంతవరకు కారణమన్న చర్చ శాస్త్రజ్ఞుల్లో ఇంకా నడుస్తోంది. మీ కథాలోకంలో మాత్రం ఎక్కడో దూరాన రేగిన నిప్పుకొండకు, ఆర్నెల్ల తర్వాత మునిగిన ఊరికి నిర్భయంగా ముడివేయవచ్చు.

మీది సముద్రతీర నగరమైతే దారి మారుతుంది. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రంలో పెనుగాలి, పెద్ద పోటు ఒకేసారి వచ్చి నెదర్లాండ్స్‌లో 1,836 మందిని బలిగొన్నాయి. 1977 నవంబరులో దివిసీమను ముంచిందీ ఉప్పెనే. అక్కడి ప్రజలకు హెచ్చరిక సరిగా అందలేదు. మీ కథలోనూ కబురు ఎవరు తెస్తారో, అది ఎక్కడ ఆగిపోతుందో ముందే అనుకోండి.

మాంత్రికుల సంగతి. కిలో మంచును కరిగించే వేడితో కిలో నీటిని సున్నా నుంచి 80 డిగ్రీలకు కాచవచ్చు. కిలోమీటరు పొడవు, వంద మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల మందం ఉన్న అడ్డుకట్టలో, మధ్య ఖాళీలు తీసేసినా లక్షన్నర టన్నుల మంచు ఉంటుంది. ఏ అగ్నిమంత్రమైనా అంత భారం మోయగలదా అన్నది మీరంతా కూర్చుని ఒప్పుకోవాలి. ఒకవేళ మోయగలిగినా, కట్టను తెంచితే ఎగువ ఊరు బతికి దిగువ ఊరు పోతుంది. రెండు ఊళ్లలోనూ ఆటగాళ్ల పాత్రలు ఉండేలా చూసుకుంటే ఈ ఘట్టం పండుతుంది.

వీరుల విషయంలోనూ జాగ్రత్త పడాలి. గడ్డకట్టబోయే నీళ్లలో పడిన మనిషి మొదట తనకు తెలియకుండానే ఎగశ్వాస తీస్తాడు. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే అంతే. పదినిమిషాలకల్లా వేళ్లు పట్టు తప్పుతాయి, విసిరిన తాడు కళ్లముందే ఉన్నా ముడి వేసుకోలేడు. కవచంతో ఈదే యోధుణ్ణి రాయకండి.

వీటన్నిటికీ ఒక పటం, ఒక కాలపట్టిక సరిపోతాయి. గుడి మెట్లు, సంత, వంతెన ఒక్కొక్కటి ఎంత ఎత్తులో ఉన్నాయో రాసి, తెల్లవారుజామున నీరెక్కడ, మధ్యాహ్నానికి ఎక్కడ అని అందరి ముందూ పెట్టండి. ఎవరి వంతులో ఏం రాసినా ఆ పట్టిక మారకూడదు.

నీరు తీసిన తర్వాతి రోజులు చాలామంది రెండు వాక్యాల్లో దాటేస్తారు. నాకైతే అసలు కథ అక్కడే కనిపిస్తుంది. చలి మళ్లీ బిగిస్తే ఇళ్లలో నిలిచిన నీరు నిలిచినచోటే గడ్డకడుతుంది. తలుపులు తెరుచుకోవు. వీధుల్లో మనిషెత్తు మంచుగడ్డలు అడ్డంగా పడి ఉంటాయి. నేలమాళిగల్లోని ధాన్యం తడిసింది, బావుల్లోకి మురుగు చేరింది, పశువులు పోయాయి. ఎండు కట్టెలు అటకల మీద దాచుకున్న కొద్దిమంది దగ్గరే ఉన్నాయి. ఆ రాత్రి అవి ఎవరి పొయ్యిలోకి వెళ్లాలో ఊరిపెద్దగా ఆడేవాళ్లు తేల్చాలి.