కంబళికి వేడెక్కడిది?

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి పిల్లలు "కథ చెప్పమ్మా" అని కొంగు పట్టుకుంటారు. అనగనగా ఒక రాజు, ఆ రాజుకి ఏడుగురు కొడుకులు... ఆ కథలు మానెయ్యమని నేననను. వారానికి ఒక్కరోజు మాత్రం కథను సగంలో ఆపి, పిల్లల్ని వంటింట్లోకి తీసుకెళ్లి, మిగతా సగం వాళ్లచేతే చెప్పించి చూడండి. ఎలాగంటారా? మన లంబసింగినే తీసుకుందాం.

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉందీ ఊరు. చలికాలంలో అక్కడ ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగిందని పేపర్లో చదువుతూనే ఉంటాం. ఈ ఊరికి అక్కడివాళ్లు పిలుచుకునే ఇంకో పేరుంది: కొర్రబయలు. కొర్ర అంటే కర్ర. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడట! పేరులోనే కథ ఉంది చూశారా?

ఇక మిగతాది మీరు అల్లండి. ఓ తాత నర్సీపట్నం వెళ్లి కొండదారిన తిరిగొస్తుంటే చీకటి పడింది. ఊరింకా దూరం. ఓ చెట్టుకింద ఆగాడు. భుజాన కంబళి తప్ప ఇంకేం లేదు. "తాత కర్రయిపోయాడా అమ్మా?" అంటారు పిల్లలు కళ్లు ఇంతింత చేసుకుని. అక్కడ ఆపండి. "కంబళి వేడి ఇస్తుందా?" అని అడగండి. "ఓ, ఇస్తుంది!" అంటారు. పెద్దవాళ్లలోనూ చాలామంది అదే అంటారు లెండి.

ఇప్పుడు ఒకేలాంటి స్టీలు గిన్నెలు రెండు తీసుకుని, సమానంగా ఐసుముక్కలు వేసి, మూతలు పెట్టండి. ఒకదాన్ని ఉన్ని శాలువాలో అడుగుతో సహా మడతల మీద మడతలు వేసి చుట్టండి. రెండోదాన్ని అలాగే వదిలెయ్యండి. ఏది ముందు కరుగుతుంది? ఎవరేమన్నారో పలక మీద రాయండి. తప్పు చెప్పినవాళ్లని చూసి నవ్వకండి. ఒకసారి నవ్వితే ఆ పిల్ల మళ్లీ నోరు విప్పదు. "శాలువాలోదే" అని గట్టిగా పందెం కాసేవాళ్లే ఎక్కువ.

విడిగా ఉన్న గిన్నెలో ఐసు చాలావరకు కరిగాక శాలువా విప్పండి. లోపలి ముక్కలు ఎక్కువగా మిగిలే ఉంటాయి! పిల్లల మొహాలు చూడాలి అప్పుడు. కంబళి వేడి ఇచ్చేదైతే ఐసు ముందే కరగాలి కదా? ఉన్నిపోగుల మధ్య చిక్కుకున్న గాలి వేడిని అంత తొందరగా దాటనివ్వదు. బయటి వేడిని లోపలికీ రానివ్వదు, లోపలి వేడిని బయటికీ పోనివ్వదు. ఐసు దిమ్మల్ని ఊకలోనో రంపపు పొట్టులోనో కప్పి ఉంచేది ఇందుకే. 'ఉష్ణవాహకత' లాంటి పెద్దమాటలు ఇప్పుడే వద్దు, బడిలో వాళ్లు చెబుతారు.

మరి తాతకు వేడెక్కడిది? చెయ్యి చంకలో పెట్టుకు చూడమనండి. ఆ తరవాత కథ వాళ్లదే. ఒకడు తాతకి కింద ఎండుటాకులు పరుస్తాడు, ఇంకొకతె చెవులదాకా కంబళి కప్పుతుంది. రెండూ సరైనవే. ఒక్క సంగతి: తాత గతి తేలకుండా పిల్లల్ని నిద్రపుచ్చకండి. చీకట్లో కర్రైపోయిన మనిషి పసిపిల్లలకి కలలోకి వస్తాడు. అందుకే ఇది భోజనాలకు ముందు మొదలుపెట్టాల్సిన కథ.

"తెల్లారి గడ్డిమీద తెల్లగా ఏమిటది?" అని అడిగితే, మరోరోజు స్టీలు గ్లాసులో నలగ్గొట్టిన ఐసు, అందులో మూడోవంతు ఉప్పు వేసి కలపండి. గ్లాసు బయట ముందు చెమ్మ పట్టి, కాసేపటికి తెల్లటి మంచుపొర కడుతుంది. "గ్లాసు కారుతోంది" అంటారా? లోపల చిటికెడు పసుపు కలిపి మళ్లీ చెయ్యండి. బయటి చెమ్మకు పసుపురంగు ఉండదు. అది గాలిలోని తేమ. గ్లాసును గుడ్డతో మీరే పట్టుకోండి. ఉప్పు కలిసిన ఐసు సున్నాకంటే చల్లన, తడి వేళ్లు అంటుకుని చర్మం దెబ్బతింటుంది.

ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే మొదటి ప్రయోగాన్ని వెచ్చటి నీళ్లతోనూ చెయ్యవచ్చు. శాలువాలో చుట్టిన గిన్నెలోవి ఎక్కువసేపు వెచ్చగా ఉంటాయి.